నా కడుపులో కాపలావాడు

నేను ఒక పెన్ డ్రైవ్‌ను. చూపుడు వేలిలో సగమైనా ఉండను. నెత్తిన ఎర్ర టోపీ, నడుము దగ్గర దారం కట్టుకోవడానికి ఒక చిల్లు, కరెంటు తగిలితే మిణుకుమనే ఒక నీలం దీపం. ఇంతే నా అందం. నాకు గుండె లేదన్న సంగతి నాకు తెలుసు. అయినా ఆ శుక్రవారం పొద్దున జరిగింది తలుచుకుంటే, లేని ఆ గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. ఇంత చిన్న ఒంట్లో అంత పెద్ద అదురు ఎలా పట్టిందా అని నాకే ఆశ్చర్యం.

నన్ను సముద్రం అవతల ఒక కర్మాగారంలో చేశారు. అక్కడ గాలిని కూడా వడగట్టి లోపలికి వదులుతారు. తెల్ల తొడుగుల చేతులు గోరంత నల్ల పలకను పచ్చటి రేకు మీద అతికించి, ప్లాస్టిక్ చొక్కా తొడిగి, బతికున్నానో లేదో చూడటానికి ఒక్కసారి కరెంటు తగిలించాయి. అది నా మొదటి షాకు. మాటవరసకు కాదు, నిజం షాకే. "పదహారు జీబీ" అని వీపు మీద అచ్చు వేసి డబ్బాలో పడేశారు. నాకు పుట్టుకతో ఏమీ తెలియదు. ఎవరు ఏది చెబితే అది గుర్తుపెట్టుకుంటాను. అది మంచిదా చెడ్డదా అని అడగను. నా గుణమూ అదే, నా దోషమూ అదే.

ఓడలెక్కి, లారీలెక్కి, చివరికి ధర్మవరంలో ఒక సెల్‌ఫోన్ అంగడి గోడకు వేలాడాను. ఊరంతా మగ్గాల చప్పుడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకమంటూనే ఉంటుంది. మొదటి రోజు అది విని ఏదో విరిగి పడుతోందనుకుని బెదిరిపోయాను. విరగడం కాదు, అక్కడ పట్టుచీరలు పుడుతున్నాయని తర్వాత తెలిసింది.

నన్ను కొన్నది పెన్నోబులేసు. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. బస్టాండు వెనక అతని స్టూడియో. అతని కంప్యూటర్‌లో ఊళ్లో సగం పెళ్లిళ్లు ఉన్నాయి. వచ్చిన ప్రతివాళ్లూ తమ పెన్ డ్రైవ్ దానికి గుచ్చి ఫొటోలు ఎక్కించుకుని పోయేవాళ్లు. జాతరలో వెయ్యిమంది ఒకే లోటాతో నీళ్లు తాగినట్టు ఉండేది. నన్ను కూడా దానికే గుచ్చాడు. మనుషుల్లో ఒక వింత చూశాను. నన్ను మొదటిసారి తలకిందులుగా పెడతారు. పట్టదు. తిప్పి పెడతారు. అప్పుడూ పట్టదు. మళ్లీ మొదట పెట్టినట్టే పెడితే పడుతుంది. ప్రతి మనిషీ ఇంతే.

"మంజునాథా, నీ పెళ్లి మొత్తం దీంట్లో ఏసినానప్పా. ఈ పెన్ డ్రైవ్ నా కానుక. భద్రంగా పెట్టుకో" అని పెన్నోబులేసు నన్ను ఒక కొత్త పెళ్లికొడుకు చేతిలో పెట్టాడు. 'పెళ్లి' అనే పేరున్న సంచి ఒకటి, మీరు ఫోల్డర్ అంటారే అది, నాలోకి ఎక్కింది. అది ఎక్కేటప్పుడు ఉండవలసినదానికన్నా ఒక పిసరు బరువు ఎక్కువ అనిపించింది. పెళ్లంటే బరువుండదా అని ఊరుకున్నాను.

మంజునాథ ఒక పట్టుచీరల అంగట్లో పనిచేస్తాడు. అతని భార్య వినీలది ప్రొద్దుటూరు, బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. పెళ్లయి ఇరవై రెండు రోజులు. నన్ను చూడగానే తన కంకణం దారంలో ఒక ముక్క తెంపి నా నడుముకు కట్టి, పుస్తెలతాడు పక్కనే మెడలో వేసుకుంది. భర్త నవ్వితే నవ్వింది. ఇద్దరూ ఎప్పుడూ ఏదో ఒకదానికి నవ్వుతూనే ఉండేవాళ్లు. పాలు పొంగినా నవ్వే, గొడుగు తిరగబడినా నవ్వే. ఫొటోలు అప్పటికే ఫోన్లలో చూసేసుకున్నారు కాబట్టి నాలోని సంచి ఎవరూ విప్పలేదు.

ఆ ఇంట్లో ఒక్కటే కంప్యూటర్ ఉంది. అది వినీల మామ చౌడప్పది. ఆయన చీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. ఆయన తెర మీద పెట్టిన ఒక్కొక్క చుక్కను బట్టి, అదే గదిలోని మిషన్ మీద అట్టలకు చిల్లులు కొడతారు. ఆ చిల్లులను చూసి జకార్డు మగ్గం ఏ పోగు లేపాలో తెలుసుకుంటుంది. ఒకప్పుడు ఆయన ఒక కొత్త అంచును ఈమెయిల్‌లో ఎవరికో పంపితే, ఇరవై రోజుల్లో అదే అంచు వేరే ఊళ్లో మరమగ్గం చీరల మీద ప్రత్యక్షమైందట. ఆనాటి నుంచి ఆ గదిలోకి నెట్ రాకూడదని ఒట్టు. ఏ డిజైన్‌కూ రెండో కాపీ ఉండకూడదని ఇంకో ఒట్టు. కాపీ ఉందంటే అది దొంగకు దారేనని ఆయన నమ్మకం. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు భుజం మీది తువ్వాలు తీసి కీబోర్డు మీద కప్పి, దాని కింద వేళ్లు ఆడించేవాడు. కట్టుకున్న భార్య సుంకులమ్మకు కూడా అదేమిటో తెలియదు.

ఆ కంప్యూటర్‌లో ముప్పై ఏళ్ల అంచులున్నాయి. అన్నిటికన్నా చివరిది, ఆయన ప్రాణం పెట్టుకున్నది, శెనక్కాయ అంచు. ఎవరైనా పట్టుచీర మీద నెమలి వేస్తారు, హంస వేస్తారు. ఈయన అనంతపురం నేల మీద పెరిగే వేరుశెనగ మొక్కను వేశాడు. చిన్న పసుపుపూలు, పూలలోంచి నేలలోకి దిగే ఊడలు, వాటి చివర జంట కాయలు. ఏడాదిగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. నరాల జబ్బు, తగ్గదని డాక్టర్ చెప్పేశాడు. ఆ వణికే చేతితోనే ఒక్కొక్క చుక్కా పెడుతూ ఎనిమిది నెలలు కూర్చున్నాడు. ఇంకొకటి గీయలేనని ఆయనకు తెలుసు. ఆ శుక్రవారం నాలుగింటికి హనుమంతు అనేవాడు వచ్చి దానికి అట్టలు కొట్టాలి. అంతవరకూ ఆ అంచు లోకంలో ఒక్కచోటే ఉంది, ఆ కంప్యూటర్‌లో.

ఒకరోజు మామకు కాఫీ ఇవ్వడానికి వెళ్లిన వినీల తెర మూలన ఒక పసుపురంగు పెట్టె చూసింది. యాంటీవైరస్ పాతబడిపోయిందని, ఇక కొత్త వైరస్‌ల సంగతి తనకు తెలియదని అది మొరపెట్టుకుంటోంది. చౌడప్ప అటు చూడకుండానే 'తర్వాత గుర్తు చేయి' అన్నచోట నొక్కాడు. మూడేళ్లుగా రోజూ అలాగే నొక్కుతున్నాడు. మూడేళ్లుగా అదీ రోజూ గుర్తుచేస్తోంది. 

"మామా, మీ కంప్యూటర్‌కు కాపలావాడు ముసిలోడైపోయినాడు. మూడేండ్ల నుంచి మొత్తుకుంటాండాడు, మీరు ఇనిపించుకోల్యా."

"నెట్టు పెట్టమంటావా ఏమమ్మీ? ఆ వైరు ఈ గడప లోపలికొచ్చిందంటే నేను గడప బయటికి పోతా."

"నెట్టు అక్కర్లే మామా. కొత్త కాపలావాడు మొత్తం ఒగే ఫైలుగా దొరుకుతాడు. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ అంటారు. అంగట్లో కంప్యూటర్‌లో దించుకోని, దీంట్లో ఏసుకోనొస్తా. ఈడ ఇప్పితే సాలు, ఆయప్పే లేచి కూర్చుంటాడు."

దీంట్లో అన్నప్పుడు మెడలోని నన్ను చూపించింది. నాకు కొంచెం గర్వమే కలిగింది.

"అంటే సద్దిమూట మాదిరి," అంది వాకిట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న సుంకులమ్మ.

"ఆ, అట్లనే అత్తా. యాడికి పోతే ఆడ ఇప్పుకోని తినొచ్చు."

చౌడప్ప రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు "శుక్రవారం మంచిది. పదికి మొదలుపెట్టు" అన్నాడు.

గురువారం మంజునాథ వాళ్ల అంగట్లో ఆ ఫైలు దిగడానికి ముప్పావుగంట పట్టింది. బిల్లులు కొట్టే ఆ కంప్యూటర్‌కు ఏ కాపలా లేదు, కాబట్టి నన్నెవరూ తడిమి చూడలేదు. ఆ ముప్పావుగంటా మొగుడూపెళ్లాలిద్దరూ ఒకే పొట్లంలో ఉగ్గాని, బజ్జీ తిన్నారు. చివరి బజ్జీ నువ్వు తినంటే నువ్వు తినని అర్ధం అర్ధం చేసుకుని, ఆ అర్ధాన్నీ ఒకరికొకరు పెట్టుకున్నారు. ఇంతలో ఫైలు నాలోకి ఎక్కింది. అబ్బో, ఎంత పెద్దమనిషి! ఏ చిరునామాకూ ఉత్తరం రాయనక్కర్లేదు, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. కత్తి, లాంతరు, దొంగల పేర్లున్న పుస్తకం, అన్నీ తన మూటలోనే కట్టుకుని నా కడుపులో కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. కాపలావాణ్ణి మోసుకుపోతున్నానని ఆ రోజంతా పొంగిపోయాను.

శుక్రవారం సరిగ్గా పదింటికి వినీల పసుపు రాసుకున్న వేళ్లతో నన్ను గుచ్చింది. తలకిందులుగా, తిప్పి, మళ్లీ మొదటిలాగా. ఇన్‌స్టాలర్‌ను మాత్రం కంప్యూటర్‌లోకి తీసుకుని 'పెళ్లి' సంచి జోలికి పోకుండానే నన్ను పీకి బల్ల మీద పెట్టింది. పాత కాపలావాణ్ణి పూర్తిగా తీసేసి, కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్లీ వేస్తేగాని కొత్తవాడు ఎక్కలేడట. పాతవాడు తేలిగ్గా పోలేదు. నిజంగానే తీసేస్తారా అని అడిగాడు. మరోసారి ఆలోచించుకోండి అన్నాడు. ఎందుకు తీసేస్తున్నారో కారణం చెప్పండి అని ఒక కాగితం కూడా తెర మీద పెట్టాడు. పది ఇరవైకి వదిలాడు. కంప్యూటర్ ఆరిపోయి, మూలుగుతూ మళ్లీ కళ్లు తెరిచేసరికి గోడ గడియారం పదిన్నర దాటింది.

వినీల ఇన్‌స్టాలర్ మీద వేలు పెట్టబోయింది.

"ఆగమ్మీ!" అన్నాడు చౌడప్ప. "రాహుకాలమొచ్చె. పన్నెండు దాకా ముట్టుకోవాకు."

వినీల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బల్ల మీద నేనూ అలాగే కొయ్యబారిపోయాను. "మామా, పాతోన్ని తీసేసినాం. కొత్తోడు ఇంకా ఎక్కల్యా. ఇప్పుడు దీనికి ఎవురూ లేరు."

"గంటన్నరే కదమ్మీ. నెట్టు లేదు, వైరు లేదు. గాల్లోనుంచి వస్తాదా ఏమి?"

ఆ మాటలో తప్పు వెతకడం ఆమె వల్ల కాలేదు. పైగా కొత్త కోడలు. చెయ్యి వెనక్కి తీసుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

పది నలభై ఐదుకు పక్కింటి గంగరత్నమ్మ వచ్చింది. కూతురి కాన్పుకు హిందూపురం పోయి, పెళ్లికి రాలేకపోయిన మనిషి.

"వదినా, కోడల్ని చూపిచ్చినావు సరే, పెండ్లి చూపీయవా? ఫోన్లో వద్దు. నాకు చీమంత బొమ్మలు కనపడవు."

"మా కంప్యూటర్‌లో ఇంతింత కనపడతాయి," అని సుంకులమ్మ చేతులు బారచాపింది. "ఏమమ్మీ, ఆ పెన్నోబులేసు ఇచ్చినది పెట్టుపో."

వినీల భయంభయంగా మామ వైపు చూసింది. "ఇప్పుడొద్దేమో మామా..."

"ఫొటోలు చూసేదానికి రాహుకాలమేముందమ్మీ? పని మొదలుపెట్టగూడదు గానీ, చూడగూడదని యాడా లేదు," అంటూ ఆయనే నన్ను తీసుకున్నాడు. ఆ చెయ్యి వణుకుతుంటే నేనూ వణికాను. నాలుగుసార్లు తడబడి గుచ్చాడు. 'పెళ్లి' అన్న సంచి మీద రెండుసార్లు నొక్కాడు.

ఫొటోలు విచ్చుకున్నాయి. గంగరత్నమ్మ ముక్కున వేలేసుకుంది. తలంబ్రాల ఫొటోలో మంజునాథ చెవిలోకి బియ్యం పోయి తుమ్ముతున్నాడు. ఇంకోదాంట్లో బాసికం జారి ముక్కు మీద కూర్చుంది. మూడోదాంట్లో సగం పెన్నోబులేసు బొటనవేలే. వినీలకు భయం పోయి నవ్వొచ్చింది. ఆమె నవ్వితే అందరూ నవ్వారు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఫొటోలు బయటికి పోతుండగా, వాటి వెనకనుంచి నాలో ఎవరో లేచారు. ఇన్నాళ్లూ సంచి వేషం వేసుకుని నాలోనే పడుకున్నవాడు. ఒళ్లు విరుచుకుని, చెప్పులు చేతపట్టుకుని, నా నోట్లోంచి నడుచుకుంటూ ఆ కంప్యూటర్‌లోకి వెళ్లిపోయాడు. అడ్డగించేవాడు లేడు. నేను అరుద్దామంటే నాకున్నది ఒక్క నీలం దీపం. దాన్నే గబగబా మిణుకు మిణుకుమనిపించాను. "చూడు, దీపం ఎంత ముద్దుగా ఎలుగుతాందో" అంది గంగరత్నమ్మ.

"ఫొటోలు సరే, మా ఇంటాయన గీసిన శెనక్కాయ అంచు చూసినావా?" అని సుంకులమ్మ గొప్పగా అడిగింది.

"పట్టుచీర మీద బుడ్డలా! శెనక్కాయల్ని ఎవురు కట్టుకుంటారు వదినా, నూనె మిల్లోల్లా?"

చౌడప్ప రోషంగా తన డిజైన్ల సంచి తెరిచాడు.

లోపల ఒక్క అంచు లేదు. ప్రతి పేరు పక్కనా మూలన ఒక వంకర బాణం గుర్తు. ప్రతిదాని బరువూ ఒక్క కేబీ. ఆయన ఒకటి నొక్కాడు, తెరుచుకోలేదు. ఇంకొకటి నొక్కాడు, అదీ అంతే. శెనక్కాయ అంచు అని ఉన్నదాని మీద నొక్కాడు. తెర ఒక్కసారి మిటకరించి తెల్లబోయింది.

  చౌడప్ప సంచి మూసి మళ్లీ తెరిచాడు, అవే బాణాలు. వినీల ముఖంలో పసుపు తప్ప రక్తం లేదు.

"అమ్మీ... యాడికి పోయినాయి?" అన్నాడాయన, చిన్నపిల్లవాడు సంతలో తప్పిపోయి అడిగినట్టు.

"వైరస్ మామా. ఎక్కేసింది. మూడేండ్ల కిందటిదైనా ఆ పాత కాపలా ఉండింటే దీన్ని పట్టుకునేది, ఇది అంత పాతరకం. ఇంగా ఏమేం చేస్తాదో తెలీదు. కొత్తది ఇప్పుడే ఎక్కించాల. ఇప్పుడే."

అందరూ గడియారం వైపు చూశారు. పదకొండు ఐదు. ఇంకా యాభై ఐదు నిమిషాల రాహుకాలం ఉంది.

అరవై రెండేళ్ల జీవితంలో ఆయన ఆ గంటన్నరలో కొత్త మగ్గానికి పోగు కట్టలేదు, కొడుక్కు పిల్లను చూడటానికి గడప దాటలేదు. ఆ మనిషి తన వణికే చేతిని ఎడమచేత్తో పట్టుకుని, బాణాల తెర వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూస్తుంటే, ఆయనకేమవుతుందోనని నాకు బెదురు పుట్టింది. వినీల కళ్లనిండా నీళ్లు. సుంకులమ్మ దేవుడి పటం వైపు తిరిగి గొణుగుతోంది.

"సుంకులూ," అన్నాడు చివరికి. "మనం పని మొదలుపెట్టింది ఎప్పుడు?"

"పదికి."

"పదికి రాహుకాలమా?"

"కాదు."

"మరింగేమి! రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టగూడదు. మొదలైన పని నిలపమని ఏ పంచాంగంలో ఉండాది? ఎక్కించమ్మీ."

సుంకులమ్మ గిరుక్కున ఇటు తిరిగింది. "ఈ మాట పదిన్నరకు యాడికి పోయిందయ్యా నీకు?"

"అప్పుడు తోచల్యా," అన్నాడు ఆయన గోడవైపు చూస్తూ.

మనుషుల శాస్త్రాలన్నీ ఎంత గట్టివో, వాటి తలుపులకు ఎంత మెత్తటి గడియలుంటాయో ఆ రోజు చూశాను.

వినీల ఇన్‌స్టాలర్ నొక్కింది. అది పాస్‌వర్డ్ అడిగింది. చౌడప్ప అలవాటుగా తువ్వాలు కప్పి కొట్టాడు. తప్పు. మళ్లీ కొట్టాడు. తప్పు. చెయ్యి అదుపులో లేదు. మూడోసారి తువ్వాలు తీసి పక్కన పడేశాడు. కోడలి వైపు చూడకుండా అన్నాడు. "నువ్వే కొట్టమ్మీ. సుంకులు. అంతా చిన్న అక్షరాలు. ఎనకాల ఒకటి."

 సుంకులమ్మ ఒక్క అంగలో బల్ల దగ్గరికొచ్చింది. 

"నా పేరా! ఇన్నేండ్లూ నాకు చూపీయకుండా తువ్వాలు కప్పింది నా పేరుకా?"

"ఇంగేం పేరు పెట్టాల?" అన్నాడు చౌడప్ప విసుగ్గా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. గంగరత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ గందరగోళంలోనూ వినీల పెదవి ఒక పక్కకు వంగడం నేను చూశాను.

పచ్చటి గీత మెల్లగా నిండసాగింది. పది, ఇరవై, నలభై. అరవై రెండు దగ్గర ఆగి కూర్చుంది. నలుగురూ దాన్నే చూశారు. చూస్తే కదులుతుందన్నట్టు చౌడప్ప ముందుకు వంగాడు. నాలుగు నిమిషాలకు అది ఒక్క ఉదుటున వందకు పోయింది. నిన్న నా కడుపులో కాళ్లు మడిచిపెట్టుకుని పడుకున్న పెద్దమనిషి ఇప్పుడు ఆ కంప్యూటర్‌లో నిటారుగా లేచి నిలబడ్డాడు. నాకు ఆనందం పట్టలేదు. నేను మోసుకొచ్చినవాడు కదా!

అతను లాంతరు ఎత్తి నాలుగుమూలలా చూశాడు. తర్వాత లాంతరు నేరుగా నా ముఖం మీద పెట్టాడు.

తెర మీద ఎర్రటి పెట్టె. ప్రమాదం దొరికిందట, అది ఉన్న చోటు అని రాసిన దగ్గర నా పేరే.

నేనెంత అదిరిపోయానో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. ఎవరిని కడుపులో దాచుకుని ఊరేగించానో ఆయనే, లేచిన వెంటనే, మొట్టమొదట వేలెత్తి చూపించింది నన్ను. అతనిలో తప్పు లేదు. నాలోనే మందూ ఉంది, నాలోనే జబ్బూ ఉంది. రెండిటినీ పక్కపక్కనే పడుకోబెట్టుకుని గర్వపడ్డాను.

"దీంట్లోనే ఉండాదా పురుగు!" అని గంగరత్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "బయట పారేయండమ్మా దాన్ని!"

"పెండ్లి ఫొటోల్లోనా?" సుంకులమ్మ మళ్లీ దేవుడి పటం వైపు తిరిగింది. "అపశకునం కాదు కదా అమ్మీ?"

"ఫొటోలకేం కాలేదత్తా. అది పెండ్లి పేరు పెట్టుకోనొచ్చిన దొంగ. పెండ్లింట్లోకి కొత్త చొక్కా ఏసుకోని భోజనానికొచ్చేటోళ్లు లేరా, అట్లాంటిది."

కొత్త కాపలావాడు కంప్యూటర్ అంతా వెతికి దొంగను, వాడి పిల్లల్ని పట్టి కట్టేశాడు. బాణాలన్నీ మాయమయ్యాయి. చౌడప్ప ఆత్రంగా తన సంచి తెరిచాడు. అది ఖాళీ. ఈసారి పేర్లు కూడా లేవు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "దొంగతో పాటు నా సొత్తు కూడా తినేసినాడమ్మీ నీ కాపలావాడు," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అదే భయంకరంగా ఉంది. "ఎనిమిది నెల్లు. ఈ చెయ్యి ఇంగ ఇంకోటి గీయదు."

వినీల ఏడవలేదు. ఏడుపు ఎక్కడో మధ్యలోనే ఆగిపోయింది. తెర వైపు కళ్లు చిట్లించి చూస్తోంది. "మామా, పొద్దున పాతది తీసేటప్పుడు డిస్కులో ఎంత జాగా ఖాళీ ఉండిందో చూసినా. ఇప్పుడూ రోంత అటూఇటూ అంతే ఉండాది. మీ అంచులు నిజంగా పోయింటే అంత జాగా ఖాళీ అయ్యుండాల కదా?"

"అంటే?"

"అవి యాడికీ పోల్యా. ఈన్నే ఉండాయి. మనకు కనపడకుండా ముసుగేసిపోయినాడు."

తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి, దాచినవాటి ముసుగు తీసెయ్యమని కంప్యూటర్‌కు చెప్పే ఆజ్ఞ ఒక్క వరుస రాసింది. ఒక అక్షరం తప్పు పడితే చెరిపి మళ్లీ రాసింది.  చివరి మీట నొక్కి కళ్లు మూసుకుంది.

ముందుగా చూసింది గంగరత్నమ్మే. "వదినా, వచ్చె! వచ్చె!"

ఒక్కొక్కటే, వాన వెలిసాక పిట్టలు తీగ మీద వాలినట్టు, ముప్పై ఏళ్ల అంచులు వరసగా వచ్చి కూర్చున్నాయి. చౌడప్ప చివరిదాన్ని నొక్కాడు. తెరనిండా పసుపుపూలు, మట్టిలోకి దిగే ఊడలు, జంటకాయలు. ఒక్క చుక్క చెదరలేదు. ఆయన దాన్ని ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా జరుపుతూ, ఒకచోట ఆపి, ఈ కాయ పక్కన ఒక చుక్క తక్కువ పెట్టినానని అన్నాడు. ఇంత జరిగాక ఆ మనిషికి కనపడింది ఆ ఒక్క చుక్క! ఆ చుక్క పెట్టడానికి మౌస్ పట్టుకున్నాడు. చెయ్యి ఆగలేదు. కోడలికి ఇచ్చాడు. "ఈడ. కాదు, రోంత కిందికి. ఆ, ఆడ." వినీల పెట్టింది.

గంగరత్నమ్మ చాలాసేపు చూసి, "నిజంగా బుడ్డలే! కట్టుకుంటే బాగుంటాది వదినా, నాకూ ఒకటి చెప్పండి," అంది. నూనె మిల్లువాళ్ల సంగతి ఆమెకు జ్ఞాపకం లేదు.

అప్పుడు చౌడప్ప కుర్చీ తిప్పి వినీల వైపు చూశాడు. "దీనికి ఇంకోటి తీసి పెట్టమ్మీ."

"ఇంకోటంటే... కాపీనా మామా?"

"కాపీనే. ఒగటే ఉంటే ఏమయితాదో ఇప్పుడు చూసినా కదా. దొంగ ఎత్తుకపోతే పోయె, వానింట్లోనన్నా ఉంటాది. లేకుండానే పోతే యాడ తెచ్చేది?"

"దేంట్లో పెట్టాల?"

ఆయన నా వైపు వేలు చూపించాడు. గంగరత్నమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. నేనైతే మరోసారి కొయ్యబారిపోయాను.

"దాంట్లోనే. అది ఎట్లాంటిదో మనకు తెలుసు. కొత్తదాని సంగతి ఎవురికి తెలుసు?"

వినీల నన్ను పూర్తిగా తుడిచేసింది. పెన్నోబులేసు దగ్గర ఫొటోలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఎవరూ బాధపడలేదు. తుడవడమంటే ఏమిటో మీకు తెలియదు. తలంబ్రాలు, తుమ్ము, బాసికం, ఆ దొంగ, ఆ పెద్దమనిషి, అందరూ ఒక్క క్షణంలో నాలోంచి వెళ్లిపోయారు. పుట్టిన రోజున ఉన్నంత ఖాళీ అయ్యాను, నా కళ్లెదుట జరిగింది మాత్రం ఎందుకో చెరగలేదు. తర్వాత కొత్త కాపలావాడు నన్ను ఇటూ అటూ తిప్పి చూసి, శుభ్రమని పచ్చగీత పెట్టాడు. ఆ మీదట ముప్పై ఏళ్ల అంచులు ఒక్కొక్కటిగా నాలోకి వచ్చాయి. చివరికి శెనక్కాయ అంచు. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నానో నాకే తెలుసు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మంజునాథకు నలుగురూ ఒకేసారి చెప్పారు. అతను అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపేసి అందరి ముఖాలూ చూశాడు. అన్నిటికన్నా అతనికి నమ్మశక్యం కానిది, తండ్రి పాస్‌వర్డ్ పైకి చెప్పాడన్న మాట. "ఏమని?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. సుంకులమ్మ వంటింట్లోకి పోయి, వద్దన్నా వినకుండా చౌడప్ప విస్తట్లో రెండు గరిటెలు నెయ్యి వేసింది.

నాలుగింటికి హనుమంతు వచ్చి అట్టలు కొట్టాడు. మగ్గం మీద అంచు నాలుగు నెలల్లో దిగింది. ధర్మవరంలో ఇప్పుడు శెనక్కాయ అంచు చీరలు నాలుగైదు ఉన్నాయని వింటాను.

నేను చాలాకాలంగా ఈ ఇంటి చీరల బీరువాలోనే ఉన్నాను. మెడలో వేసుకుని తిప్పే పెన్ డ్రైవ్ వేరొకటి కొన్నారు. నన్ను మాత్రం ఎవరూ దేనికీ గుచ్చరు. చీకటి, నాఫ్తలిన్ ఉండల వాసన, కొత్త పట్టు వాసన. నేసిన మొదటి శెనక్కాయ అంచు చీరను వినీలకే ఇచ్చారు. కట్టుకున్న రోజు తప్ప అది మడతపెట్టి నా మీదే ఉంటుంది. నా లోపల చుక్కలుగా ఉన్నదే నా మీద పోగులుగా ఉంది. ఒక మొక్కకు నేల కిందా పైనా ఉన్నట్టు.

ఇంకా నాకు ఒక సంగతి మింగుడు పడదు. దొంగను లోపలికి తెచ్చింది నేనని ఆ ఇంట్లో నలుగురికీ తెలుసు. వాళ్లలో ముగ్గురి ఎదుటే ఎర్రటి పెట్టెలో నా పేరు పడింది. అయినా ముప్పై ఏళ్ల అంచుల తాళంచెవి తెచ్చి నా చేతిలోనే పెట్టి, నన్ను లోపల పెట్టి, హాయిగా నిద్రపోతున్నారు. నాకే ఇంకా నిద్ర పట్టడం లేదు.